మనుమనికి మొదటి కెమెరా



గడచిన కోతల కాలమున మా గ్రామమునుండి ఒక వృద్ధుడు నన్ను చూడవచ్చెను. ఆయన నాకు వరుసకు పెదనాయన. ధాన్యము అమ్మిన సొమ్ము రుమాలులో కట్టుకొని వచ్చి, మడిచిన కాగితమొకటి నా చేత బెట్టెను. ఆయన మనుమడు పట్టణమున ఫొటోగ్రఫీ చదువులో చేరియున్నాడు. ఆ పిల్లవాడు తనకు కావలసిన కెమెరా పేరును, దాని వెలను ఆ కాగితముమీద వ్రాసి పంపినాడు. “నాయనా, ఈ పంట సొమ్మంతయు దీనికే సరిపోవునట్లున్నది. ఇది చదువుకు వలసిన వస్తువా, ఆటబొమ్మయా? వలదన్నచో పిల్లవాడు చిన్నబోవును. సరే యన్నచో వచ్చు కారునకు ఎరువులు అప్పు తేవలయును. నీవా పనిలో నున్నవాడవు గనుక నిజము చెప్పుము” అని యడిగెను.

ఆనాడు ఆయనతో చెప్పిన మాటలనే నేడు మీకును మనవి చేయుచున్నాను. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయమువంటి చోట్ల ఫొటోగ్రఫీ పట్టమునకు చదివెడి విద్యయై యున్నది. కావున అట్టి కాగితము మీలో మఱికొందఱి చేతికిని రాగలదు.

ముందుగా ఆ యంత్ర మెట్టిదో తెలిసికొందము. మిట్టమధ్యాహ్నము తలుపులు మూసిన చీకటిగదిలోనికి చిన్న రంధ్రమునుండి వెలుగు వచ్చునప్పుడు, వీధిలో నడచువారి రూపములు ఎదుటిగోడమీద తలక్రిందులుగా కదలుట మీలో కొందఱు చిన్ననాట చూచియే యుందురు. కెమెరా యనగా ఆ చీకటిగదియే. రంధ్రమున్న చోట గాజుకటకమును బిగించిరి. దానిని లెన్సు అందురు. గోడ యున్న చోట వెలుగును పట్టెడి పలకను నిలిపిరి. పూర్వమది మందు పూసిన గాజుపలక. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులో ఛాయాచిత్రకారుడై ప్రసిద్ధి కెక్కి 1905లో మరణించిన రాజా దీన్‌దయాళ్ అట్టి గాజుపలకలతోనే పని చేసెను. తరువాత ఫిల్ము వచ్చెను. 1975లో అమెరికాయందు కోడాక్ సంస్థలోని స్టీవెన్ సాసన్ అను ఇంజనీరు ఫిల్ము లేని కెమెరాను చేసి చూపెను. ఒక్క బొమ్మను టేపుమీద ఎక్కించుటకు దానికి 23 సెకండ్లు పట్టెడిది. 2003లో కెనాన్ సంస్థ వేయి డాలర్లకు లోబడిన వెలతో ఈఓఎస్ 300డి అను దానిని తెచ్చిన పిమ్మట, ఈ జాతి కెమెరా సామాన్యుల చేతికి అందసాగెను.

డి.ఎస్.ఎల్.ఆర్. అను నాలుగక్షరములకు డిజిటల్ సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ అని విస్తరణము. లెన్సు వెనుక ఒక అద్దము ఏటవాలుగా నుండును. లెన్సునుండి వచ్చిన వెలుగును అది పైకి మళ్లించి కంటికి చూపును. మీట నొక్కగనే అద్దము పైకి లేచును. దాని వెనుకనున్న తెఱ తెఱచుకొనును. వెలుగు పలకమీద పడును. మరల తెఱ మూసికొని అద్దము క్రిందికి దిగును. ఇదంతయు ఱెప్పపాటులో జరుగును.

జేబులోని ఫోనే బొమ్మలు తీయుచుండగా ఈ డబ్బా యెందుకని మీరడుగవచ్చును. చేనికి నీరు పెట్టుటను తలచుకొనుడు. తూము ఎంత తెఱచితిమి, ఎంతసేపు తెఱచి యుంచితిమి అను రెంటినిబట్టి మడిలోనికి నీరు వచ్చును. కెమెరాలో లెన్సు రంధ్రము తూము. తెఱ తెఱచియుండు కాలము నీరు పాఱిన కాలము. ఇక పలక వెలుగునకు ఎంత చుఱుకుగా స్పందించవలయునో నిర్ణయించెడి మూడవ కొలత యొకటి కలదు. దానిని ఐఎస్ఓ అందురు. ఫోను తఱచుగా ఈ మూడింటిని తానే తీర్మానించును. విద్యార్థి నేర్వవలసినది వీనిని తన చేతితో త్రిప్పుటయే. తూము నితరులు తీయుచుండగా గట్టుమీద కూర్చున్నవానికి నీటిపాఱుదల యెట్లు తెలియును? ఫిల్ము కాలమున నొక్కిన ప్రతిసారియు ఖర్చే. ఇప్పుడు నూఱు తప్పులు చేసినను కాసు ఖర్చు లేదు. తప్పు చేసి దిద్దుకొనుటకు ఇంతకంటె మంచి బడి లేదు. కనుక పిల్లవాని కోరిక అన్యాయమైనది కాదు. ఏది కోరినాడు, ఎంతకు కోరినాడు అనునదియే విచారింపవలసిన సంగతి.

ఇచ్చట నా పొరపాటు నొకదానిని చెప్పుకొనవలయును. 2007లో నేను విద్యార్థిగా నున్నప్పుడు మా తండ్రిగారు పాడిగేదె నమ్మి సొమ్ము పంపిరి. అంగడివాడు పది మెగాపిక్సెళ్ల కెమెరాను చూపి, ఆఱింటి కంటె పది ఘనము కాదా యనెను. నేనును అట్లే తలచితిని. సొమ్మంతయు దానికే చెల్లినందున పెట్టెతో వచ్చిన చిన్న లెన్సు తప్ప మఱొకటి కొనలేకపోతిని. కొలదినాళ్లకు మా యుపాధ్యాయులు రాత్రివేళ బుఱ్ఱకథ చెప్పుచున్న వృద్ధు నొకనిని చిత్రించి తెమ్మనిరి. దీపాల వెలుతురున నేను తీసిన బొమ్మలన్నియు చెదిరిపోయెను. చేతిలో తంబురా ఉన్నదో లేదో కూడ తెలియరాలేదు. నా ప్రక్కనున్న స్నేహితుడు ఆఱు మెగాపిక్సెళ్ల పాత కెమెరాకు 50 మిల్లీమీటర్ల చిన్న లెన్సు తగిలించి తెచ్చినాడు. వాని బొమ్మలో ఆ వృద్ధుని నుదుటి చెమట కూడ కనబడెను.

కారణము మాయ కాదు, లెక్కయే. నా లెన్సు పూర్తిగా ముందుకు సాగదీసినప్పుడు దాని రంధ్రము 5.6 అను కొలతకు మించి తెఱచుకొనదు; వాని లెన్సు 1.8 వరకు తెఱచుకొనును. ఈ యంకె తగ్గిన కొలది రంధ్రము పెద్దది. ఈ రెంటి నడుమ వెలుగులో సుమారు పది రెట్ల భేద మున్నది. నా తెఱ సెకండులో ఎనిమిదవ వంతు తెఱచియుండవలసిన చోట, వానిది ఎనుబదవ వంతులో ముగిసెను. ఎనిమిదవ వంతు కాలములో కథకుని చేయి కదలకుండునా? ఇంటికి పోయి ఈ మాట చెప్పగా మా తండ్రిగారు, “ఆడలేక మద్దెల ఓటి దన్నట్లున్నది” అని నవ్విరి. మద్దెల ఓటిదే గాని, దానిని ఏరి తెచ్చినవాడను నేనే. మరుసటి యేట ఆ కథకుడు గతించెను. ఆయన యింట గోడమీద నున్నది నా స్నేహితుడు తీసిన బొమ్మ.

కాబట్టి నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మొక్కటే: సొమ్మంతయు కెమెరా డబ్బాకు పెట్టనీయకుడు, లెన్సుకు మిగుల్చుడు. డబ్బా కొన్ని యేండ్లలో పాతబడును. మంచి లెన్సు రెండు మూడు డబ్బాలను చూచును. నా లెక్కలో ఉన్న సొమ్ములో సగమునకు మించకుండ డబ్బాకు పెట్టి, మిగిలినదానిలో 1.8 కొలతగల ఒక లెన్సును, మెమరీ కార్డును, ముక్కాలి స్టాండును, తీసిన బొమ్మలను రెండు చోట్ల భద్రపఱచుటకు వలసిన సాధనమును కొనుట మేలు.

అంకెలకు భ్రమపడ నక్కఱలేదు. 24 మెగాపిక్సెళ్లనగా అడ్డముగా 6,000, నిలువుగా 4,000 చుక్కలు. అంగుళమునకు 300 చుక్కల చొప్పున అచ్చొత్తినను 20 అంగుళముల పొడవు, 13 అంగుళముల వెడల్పు గల పటము వచ్చును. విద్యార్థికి అంతకు మించి పని యుండుట అరుదు.

డబ్బాను ఎన్నుకొనుట వియ్యమందుటవంటిది. పిల్లను చూచినంత చాలదు, ఇంటిని చూడవలయును. కెనాన్ డబ్బాకు నికాన్ లెన్సు నేరుగా పట్టదు. నికాన్‌లో డి3500, డి5600 వంటి చిన్న డబ్బాల లోపల లెన్సును త్రిప్పెడి మోటారు లేదు. చౌకగా వచ్చినదని మోటారు లేని పాత లెన్సును తెచ్చిన, దానిని చేతితోనే త్రిప్పుకొనవలసి వచ్చును. అదే డి7200లో మోటారు కలదు. ఏ యింటి లెన్సులు తన కళాశాలలో ఎక్కువగా వాడుకలో నున్నవో పిల్లవాడు ముందు విచారించినచో, ఎరవు తెచ్చుకొనుటకైనను వీలుండును.

ఇంకొక మార్పు తెలియవలయును. 2018లో నికాన్, కెనాన్ సంస్థలు రెండును పెద్ద పలక గల అద్దము లేని కెమెరాలను వెలువరించెను. అది మొదలు వారి దృష్టి యటు మరలినది. ఈ అద్దపు కెమెరాలలో క్రొత్త రకములు వచ్చుట మిక్కిలి అరుదైనది. దీనివలన విద్యార్థికి నష్టము కంటె లాభమే ఎక్కువ. వెలుగును పట్టు విద్య రెంటికిని ఒక్కటియే. అద్దము లేని వానికి మారినవారు విడిచిన మంచి డబ్బాలును లెన్సులును వాడిన సరకుగా దొరకుచున్నవి. కెనాన్ వారి పాత లెన్సులు, నడుమ ఒక చుట్టును తగిలించినచో, వారి క్రొత్త అద్దము లేని కెమెరాలమీద కూడ చక్కగా పని చేయును.

వాడిన సరకు అనగానే మీరు శంకింతురు. శంకింపవలసినదే. ఎద్దును కొనునప్పుడు పండ్లు చూచి, నడిపించి, కాడి కట్టి చూడమా? ఇక్కడను అంతే. ఆ తెఱ ఇంతవఱకు ఎన్నిసార్లు తెఱచుకొన్నదో తెలిసికొనవలయును. డి3500 తెఱను ఒక లక్షసార్ల కొఱకు పరీక్షించినట్లు దానిని చేసినవారు చెప్పినారు. లెన్సును వెలుగున కెత్తి లోనికి చూడవలయును. సాలెగూటి పోగులవంటివి కనబడినచో అది బూజు, వలదనుడు. కోస్తా తేమలో ఈ తెగులు తఱచు. రంధ్రమును 16 కొలతకు బిగించి తెల్లని ఆకాశమును ఒక బొమ్మ తీసినచో, పలకమీద ధూళి యున్న నల్లమచ్చలై కనబడును. బిల్లును, దానిలోని సంఖ్యయు డబ్బామీది సంఖ్యయు ఒక్కటియగుటను చూచుకొనవలయును. ఇంటికి తెచ్చిన పిమ్మట తేమను పీల్చు సిలికా పొట్లములతో మూతగట్టి డబ్బాలో దాచవలయును. బియ్యపు గదిలోనో, తడి గోడ ప్రక్కనో పెట్టరాదు.

పెదనాయనతో నే నింత చెప్పి, మనుమని మూడు ప్రశ్న లడుగుమంటిని. ఈ కెమెరాకు నీవు తగిలింపబోవు రెండవ లెన్సు ఏది? దీనినే వాడినదిగా కొన్నచో ఏమి తక్కువగును? ఈ యేడు మీ యుపాధ్యాయులు నీచేత ఏమేమి తీయింతురు? మూడింటికిని నిదానముగా బదులు చెప్పగలవాడు సొమ్మును వృథా చేయడు. చెప్పలేనిచో కోపపడవలదు, నెల గడువిచ్చి, స్నేహితుల కెమెరాతో పని చేసి తెలిసికొని రమ్మనుడు.

పది దినముల తరువాత ఆ పిల్లవాడే నాయొద్దకు వచ్చెను. మొదటి కాగితమును చింపివేసి మఱొకటి వ్రాసికొని వచ్చినాడు: వాడిన డి7200 డబ్బా, 35 మిల్లీమీటర్ల 1.8 లెన్సు ఒకటి, స్టాండు. వెల మొదటి దానిలో సగమునకు కొంచెము మీఱినది. పెదనాయన ఎరువులకు అప్పు తేలేదు. మొన్న నేను వారింటికి పోగా, సాయంకాలపు మసక వెలుతురున వసారాలో వత్తులు చేయుచున్న మా పెద్దమ్మ బొమ్మ యొకటి చూపించిరి. ఆమె వ్రేళ్ల నడుమ ప్రత్తిపోగు విడివిడిగా కనబడుచున్నది. పెదనాయన దానిని చాలసేపు చూచి, “ఇది ఆటబొమ్మ కాదులే” అనెను.

మీ యింటికి అట్టి కాగితము వచ్చిననాడు, వెలను చూచి కాదనకుడు. వెలను చూడకయు ఔననకుడు. మనుమని ప్రక్కన కూర్చుండబెట్టుకొని అడుగుడు. సెలవు.