పాత సూపర్‌ఛార్జరా? క్రొత్తదా?

తిత్తి ఊదనిదే కమ్మరి కొలిమిలో నిప్పు రాజుకొనదు. మోటారు ఇంజనులో జరుగునదియు నిట్టిదే. ఇంధనము మండుటకు గాలి కావలెను. ఇంజను తనంత తాను పీల్చుకొను గాలికి ఒక మితి గలదు. ఆపైన గాలిని బలవంతముగా లోనికి నెట్టు యంత్రమే సూపర్‌ఛార్జరు. ఇంజను శక్తిలో కొంత తీసికొని, సాధారణముగా బెల్టు సాయమున, ఇది తిరుగును.

కొలిమి మాట ఊరక తేలేదు. ఈ యంత్రములలో ఎక్కువ ప్రసిద్ధి గాంచిన రకమును అమెరికాలో ఇండియానా రాష్ట్రమునకు చెందిన రూట్స్ సోదరులు 1860లో పేటెంటు చేయించిరి. అప్పట్లో దాని పని కర్మాగారపు కొలుములకు గాలి ఊదుట. తరువాత జనరల్ మోటార్సువారి రెండు స్ట్రోకుల డీజిలు ఇంజనులకు అది తప్పనిసరి భాగమైనది. వానిలో 6-71 అనునది పేరుపడినది: ఆరు సిలిండర్లు, ఒక్కొక్కటి 71 ఘనపుటంగుళములు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అచ్చటి పందెపు కార్ల యువకులు పాత లారీల, బస్సుల నుండి ఈ బ్లోయర్లను ఊడదీసి తమ కార్లపై నెక్కించిరి. కనుక ఈ సరకు విషయమున పాతది కొనుట నామోషీ కాదు. పందెగాండ్రలో ఆ వాడుక అట్లే మొదలైనది.

అయితే చిక్కంతయు లోపలనున్నది. రెండు రోటార్లు జడపాయలవలె పెనవైచుకొని తిరుగును, కాని ఒకదాని నొకటి తాకరాదు. నడుమనుండు సందు అంగుళములో కొన్ని వేయవవంతులు మాత్రమే. దానిని కాపాడునవి గేర్లు, బేరింగులు. బేరింగు అరిగినచో రోటారు ఒరిగి గోడను గీయును. సందు పెరుగును, గాలి వెనుకకు జారును, వేడెక్కును. ఇంకను ముదిరినచో లోహపు తునుక ఇంజనులోనికే పోవును. అప్పటి నష్టము సూపర్‌ఛార్జరు ఖరీదుతో తీరదు.

సంతలో ఎద్దును కొనువాడు పళ్ళు చూడక రూకలీయడు. ఇచ్చటను అంతే. కప్పీని చేతితో త్రిప్పి చూడుడు. గరగర వినిపింపరాదు, ఇరుసు ప్రక్కకు కదలరాదు. గాలి ద్వారమునుండి దీపము వేసి రోటార్లను పరిశీలింపుడు. లోపల నూనె తడి కనిపించెనా, సీళ్ళు చెడినవని అనుమానింపవలెను. బేరింగులు, సీళ్ళు మార్చుకొనవచ్చును. లోతుగా గీరుకొన్న రోటారునకు, గోడకు మాత్రము సులభమైన మందు లేదు.

ఇక ‘విప్పి బాగుచేసినది’ అని అమ్మునది. నా మట్టునకు దీనినే ఎక్కువగా అనుమానింతును. మాపిన పాతది తన గుట్టు తానే చెప్పును. క్రొత్త రంగు పూసినది చెప్పదు. ఏ బేరింగులు వేసిరి, సందులు కొలిచిన లెక్క యేది, హామీ ఎన్నాళ్ళు? ఈ మూడింటికి కాగితముపై జవాబున్నచో అది మంచి బేరమే. లేనిచో మీరు కొన్నది రంగు.

క్రొత్తదానికి హామీ యొక్కటే లాభము కాదు, రూపమును మారినది. ఈటన్ వారి పూర్వపు రోటార్లకు మూడేసి రెక్కలు, 60 డిగ్రీల మెలిక. 2009 నాటి కార్వెట్ జెడ్ఆర్1లో వచ్చిన రకమునకు నాలుగేసి రెక్కలు, 160 డిగ్రీల మెలిక. గాలి తక్కువ వేడెక్కును, ఇంజను శక్తియు తక్కువ తినును. ఖరీదైన ఇంజనునకు, నిత్యము నడుపు బండికి నేను క్రొత్తదే కొందును.

పాత ఈటన్ దొరికి, ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు ముందు భాగమున లొటలొట వినవచ్చినచో బెదరనక్కరలేదు. అది తరచు ఇరుసులను కలుపు చిన్న కప్లింగు అరిగిన చప్పుడు. విప్పి చూచి, అదే యైనచో దాని వెల చిన్నదే. అమ్మువానితో బేరమాడుటకు మాత్రము ఆ చప్పుడు చక్కగా ఉపయోగించును.