పీపాల్లో హీరోలు దాక్కున్న ఊరు!

1966లో ఫ్రాన్సులో ఓ హాస్యచిత్రం విడుదలైంది. పేరు ‘లా గ్రాండ్ వద్రుయ్’. దర్శకుడు జెరార్ ఊరీ. ఒకవైపు బూర్‌విల్, మరోవైపు లూయీ ద ఫ్యూనెస్. మన భాషలో చెప్పాలంటే ఇద్దరు హాస్యచక్రవర్తులు ఒకే తెరమీద! కోటీ డెబ్భై లక్షల పైచిలుకు టిక్కెట్లు తెగాయి. ఆ దేశంలో అప్పుడున్న ముగ్గురిలో ఒకరు చూసిన లెక్క. ముప్పై ఏళ్ల పైగా ఆ రికార్డును ఎవరూ ముట్టుకోలేకపోయారు. చివరికి దాన్ని ముంచింది... ‘టైటానిక్’!

ఈ సినిమా కథ 1942 నాటిది. జర్మన్ సైన్యం పారిస్‌ని ఆక్రమించుకుని ఉంది. విమానం కూలిపోయిన ఇంగ్లీషు వైమానికుల్ని కాపాడబోయి ఓ గోడల పెయింటరూ, ఓ సంగీత దర్శకుడూ ఇరుక్కుంటారు. పరుగో పరుగు! ఆ పరుగు వాళ్లని తెచ్చి పడేసే చోటు బర్గండీలోని బోన్ పట్నం. అక్కడి ఆస్పత్రి సిస్టరమ్మ వైమానికుల్ని ద్రాక్షసారా పీపాల్లో దాచి సరిహద్దు దాటించబోతుంది. ఆ ఆస్పత్రి సెట్టింగు అనుకునేరు, కాదు. దానికి ఇప్పటికి ఆరువందల ఏళ్లు దగ్గరపడుతున్నాయి. నా బర్గండీ యాత్రకి మూలకారణం ఆ సినిమాయే. మందు కోసం కాదు సుమండీ! (మా అమ్మ ఈ వాక్యం రెండుసార్లు చదివించుకుంది.)

పారిస్‌లో గార్ ద లియోన్ స్టేషన్లో రైలెక్కితే గంటన్నర పైచిలుకులో దిజోన్. అక్కణ్ణించి చిన్న రైల్లో అర్ధగంట లోపే బోన్. ఊరు చుట్టూ పాత కోటగోడ. నడిచి తిరిగితే చాలు, వాహనం అక్కర్లేదు.

ఒంటరి నక్షత్రం

ఆస్పత్రి పేరు ఓతెల్ ద్యూ. 1443లో కట్టించినవాడు నికొలా రొలాన్, బర్గండీ ప్రభువు దగ్గర ప్రధానమంత్రి లాంటివాడు. నూరేళ్ల యుద్ధం, కరువు, జనం ఆకలితో అలమటిస్తున్న కాలం. “ఇంతమందిని బీదల్ని చేసినవాడు వాళ్లకో ఆస్పత్రి కట్టించడం న్యాయమే” అని ఆ రోజుల్లోనే గిట్టనివాళ్లు ఎకసెక్కం ఆడేవారట. వీధిలోంచి చూస్తే మామూలు రాతిగోడ. లోపలి వాకిట్లో అడుగుపెట్టి తలెత్తితే చాలు... ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ముదురు గోధుమరంగు పెంకులతో ముగ్గు వేసినట్టున్న కప్పు! నేను నిలబడిపోయాను. నా వెనకాల వస్తున్న జపాను పెద్దాయన నన్ను ఢీకొని, తనే నడుం వంచి క్షమాపణ చెప్పుకున్నాడు.

‘బీదల హాలు’ అని పెద్ద గది ఉంది. రెండువైపులా బారుగా మంచాలు, ఎర్ర తెరలు. ఒక్కో మంచం మీద ఇద్దరేసి రోగుల్ని పడుకోబెట్టేవారు. 1971 దాకా ఈ ఆవరణలో వైద్యం జరిగింది. అంటే ఊరీగారి యూనిట్ షూటింగుకి వచ్చేనాటికి ఇది ఇంకా నడుస్తున్న ఆస్పత్రే! పక్కగదిలో రోజియర్ వాన్ డెర్ వీడెన్ గీసిన ‘అంతిమ తీర్పు’ చిత్రపటం. పుణ్యాత్ములు ఒకవైపు, నరకానికి దొర్లిపోయేవాళ్లు మరోవైపు. వాళ్ల ముఖాల్లో భయం చూస్తే, క్లోజప్ అనేది సినిమావాళ్లు కనిపెట్టింది కాదని తెలుస్తుంది.

కానీ నాకు అన్నిటికన్నా నచ్చింది నేలమీది పలకలు. వాటి మీద ఓ మాట, పక్కనే ఓ నక్షత్రం. ‘ఒక్కతే... నక్షత్రం’. రొలాన్ తన భార్య గిగోన్‌ని ఉద్దేశించి చెక్కించుకున్న మాట అది. నా జీవితానికి నువ్వొక్కతెవే నక్షత్రానివి అని! భర్త పోయాక ఆవిడ 1470 దాకా బతికింది. సమాధి కూడా ఆ బీదల హాల్లోనే ఉంది. రోజూ ఎన్ని వేల కాళ్లు ఆ ప్రేమలేఖ మీంచి నడిచిపోతున్నాయో.

ఆస్పత్రికి దాతలు ద్రాక్షతోటలు రాసిచ్చారు. ఇవాళ అవి సుమారు అరవై హెక్టార్లు. 1859 నుంచి ఏటా ఆ సారాను వేలం వేసి, వచ్చిన డబ్బు వైద్యానికి వాడుతున్నారు. నవంబరు మూడో ఆదివారం. వేలంలో ఒక పీపా ప్రత్యేకం, దాని సొమ్ము ధర్మకార్యాలకి. దాని తరఫున మాట్లాడేందుకు సినిమా తారల్ని పిలుస్తారు. 2022లో ఆ ఒక్క పీపా ఎనిమిది లక్షల పదివేల యూరోలు పలికింది! ఆ వారాంతంలో బోన్‌లో గది దొరకడం గగనం. జనం, బ్యాండుమేళం కావాలంటే అప్పుడు వెళ్లండి. తోటలు చూడాలంటే సెప్టెంబరు మేలు.

సైకిలు మీద మెర్సో

బోన్‌లో సైకిళ్లు అద్దెకిస్తారు. ద్రాక్షతోటల మధ్యగా దక్షిణానికి సుమారు ఇరవై కిలోమీటర్ల సైకిలు బాట ఉంది. పొమార్, వొల్నే, మెర్సో, ప్యులిన్యీ... ఊళ్ల పేర్లే సీసాల మీద పేర్లు! మెర్సో మునిసిపల్ ఆఫీసు చూసి “ఎక్కడో చూశానే” అనుకున్నాను. ‘లా గ్రాండ్ వద్రుయ్’లో జర్మన్ సైనిక కార్యాలయం అదే! లోపల పెళ్లి రిజిస్ట్రేషన్ జరుగుతోంది. విలన్ల డెన్‌లో పెళ్లి... ఏ కథారచయితకీ తట్టని క్లైమాక్సు.

ఇక్కడి రైతుకి తోట అంటే మొత్తం తోట కాదు, మడి. మనూళ్లల్లో ‘చెరువుకింద మడి’, ‘రావిచెట్టు చేను’ అని పిలుచుకోమూ? అచ్చం అలాగే ప్రతి ముక్కకీ ఓ పేరు, ఓ గట్టు, ఓ రుచి. ఇలాంటివి 1,247 ఉన్నాయని లెక్కగట్టి 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బోన్‌కి ఉత్తరాన వోన్ రొమానే అనే ఊళ్లో అతి ఖరీదైన మడి ఉంది, రొమానే కోంతీ. నాలుగున్నర ఎకరాలు. ఏడాదికి ఐదారు వేల సీసాలు. పక్కన ఓ రాతి శిలువ, చిన్న గోడ, లోపలికి దిగవద్దని మర్యాదగా ఓ బోర్డు. అంతే! మహానటి ఇల్లు చూద్దామని మద్రాసు వెళ్లిన అభిమానిలా గోడ దగ్గర నిలబడి ఫొటో దిగి వచ్చేశాను.

రుచి చూడటం గురించి ఒక మాట. ముందుగా కబురు చేయకుండా ఓ తోట యజమాని గుమ్మం తట్టి, కిటికీలోంచి చెయ్యి అడ్డంగా ఊపించుకున్న ఘనత నాది. తప్పు నాదే. కోతల రోజుల్లో ఎవరు తీరిగ్గా ఉంటారు? ఫోన్ చేసి టైము తీసుకోండి. ఇంకొకటి, రుచి చూసి ఉమ్మెయ్యాలి! అందుకు ప్రత్యేకంగా ఓ పాత్ర పెడతారు. మొహమాటానికి నేను మొదటిరోజు అన్నీ మింగాను. ఆ సాయంత్రం సైకిలు తొక్కలేదు, నడిపించుకుంటూ వచ్చాను. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకి అక్కడ మద్యం అమ్మరు. తాగనివాళ్లకి కాసిస్ అనే నల్లపండు సిరప్పు బ్రహ్మాండంగా ఉంటుంది. చీజు వేసి పొంగించే ‘గుజేర్’ వేడివేడిగా తింటే శాకాహారికి కూడా పొద్దు గడిచిపోతుంది.

పంచుకోవడం అనే కష్టం

2017లో సెడ్రిక్ క్లాపిష్ తీసిన ‘స కీ ను లీ’ చూడకుండా బర్గండీ వెళ్లొద్దు. ‘బ్యాక్ టు బర్గండీ’ అనే పేరుతో ఇంగ్లీషు టైటిళ్లతో వచ్చింది. తండ్రి పోతాడు. ఇద్దరు అన్నదమ్ములు, ఒక చెల్లెలు. తోట ఉంది, వారసత్వపు పన్ను కట్టడానికి డబ్బు లేదు. అమ్మాలా, పంచుకోవాలా, కలిసి ఉండాలా? మన ఉమ్మడి కుటుంబం చిత్రాలు చూసి పెరిగినవాళ్లకి ఇది కొత్త కథ కాదు, కానీ కన్నీళ్లకి బదులు ఇక్కడ కోత ఎప్పుడు మొదలెట్టాలన్న వాదన ఉంటుంది. రుతువు మారినప్పుడల్లా వెళ్లి తీశారు కాబట్టి తోట నిజంగానే రంగులు మారుతుంది. తోటలో అనుభవమున్న పెద్దాయన పాత్ర వేసిన జాన్ మార్క్ రూలో నటుడే కాదు, మెర్సోలో పేరుమోసిన ద్రాక్షరైతు కూడా!

పంపకం అంటే ఏమిటో చూడాలంటే క్లో ద వూజో వెళ్లండి. సన్యాసులు పన్నెండో శతాబ్దంలో మొదలుపెట్టిన తోట. చుట్టూ గోడ, లోపల యాభై హెక్టార్లు. ఒకప్పుడు ఒక్క మఠానిది. ఇప్పుడు సుమారు ఎనభైమంది యజమానులు! కొందరికి దక్కింది నాలుగైదు వరసల తీగలే.

తీగకి ఇంకో పెద్ద గండం ఉంది. బోన్‌లో కోత ఏ రోజు మొదలైందో 1354 నుంచి లెక్కలున్నాయి. వాటిని 2019లో పరిశోధకులు ప్రచురించారు. 1987 దాకా సగటున సెప్టెంబరు 28 ప్రాంతంలో కోత. 1988 నుంచి సగటున పదమూడు రోజులు ముందుకి జరిగింది. ఎండ ముదిరితే మొగ్గ తొందరగా వస్తుంది. తొందరపడిన మొగ్గని ఏప్రిల్ మంచు కాల్చేస్తుంది. 2021 ఏప్రిల్‌లో అదే జరిగింది. రాత్రుళ్లు వరసల మధ్య వేల కొవ్వొత్తులు వెలిగించి కాపలా కాశారు రైతులు. ఆ ఫొటోలు చూసి “ఎంత అందం!” అన్నవాళ్లున్నారు. దీపావళిలా ఉంటుంది నిజమే. అయినా ఆ ఏడు చాలామందికి పంట చేతికి రాలేదు.

తుపాకీతో ఫొటోలు

సినిమా పిచ్చి ఉన్నవాళ్లకి అసలు విషయం ఇది. ఇదే బోన్‌లో 1830లో ఎతియెన్ జ్యూల్ మారే అనే వైద్యుడు పుట్టాడు. పక్షి రెక్క ఎలా ఆడుతుందో తెలుసుకోవాలని 1882లో ఓ తుపాకీ తయారుచేశాడు. గుండు ఉండదు. గురిపెట్టి మీట నొక్కితే సెకనుకి పన్నెండు ఫొటోలు! లూమియేర్ సోదరులు 1895లో పారిస్‌లో టిక్కెట్టు పెట్టి సినిమా చూపించడానికి పదమూడేళ్ల ముందు మాట. ఇవాళ్టికీ కెమెరామన్ చేసే పనిని ఇంగ్లీషులో ‘షూటింగ్’ అంటుంటే నాకీయనే గుర్తొస్తాడు.

ఇంకా వెనక్కి పోతారా? దక్షిణంగా ముప్పై కిలోమీటర్లలో షాలోన్ పట్నం ఉంది. 1765లో నిసెఫోర్ నియెప్స్ పుట్టిన ఊరు. మనకి దక్కిన తొలి కెమెరా ఫొటో ఆయన తీసిందే, దగ్గర్లోని సాన్ లూ ద వరెన్ అనే పల్లెలో, తన ఇంటి కిటికీలోంచి, 1827 ప్రాంతంలో. షాలోన్‌లో నది ఒడ్డున ఆయన పేర మ్యూజియం పెట్టారు. ఆయన వాడిన చెక్కపెట్టె కెమెరాలు అక్కడున్నాయి. వయొలిన్ పెట్టెలంత కూడా లేవు. అరగంటలో చూసేయొచ్చనుకుని వెళ్లి, తలుపులు మూసేవేళ దాకా ఉండిపోయాను.

జూలియట్ బినోష్, జానీ డెప్ అభిమానులకి ఇంకో చోటు. ‘షొకొలా’ (2000) తీసిన ఫ్లావిన్యీ పల్లె దిజోన్‌కి వాయువ్యంగా కారులో గంట. సినిమాలో చాక్‌లెట్ దుకాణం, నిజానికి ఆ ఊరికి పేరు తెచ్చింది మాత్రం సోంపు మిఠాయి! సోంపు లాంటి ఒక్క గింజ మీద పంచదార పొర మీద పొర ఎక్కించి గుండ్రంగా చేస్తారు. మన హోటళ్లలో భోజనం అయ్యాక ప్లేటులో పెట్టిచ్చే రంగురంగుల సోంపుకి పెద్దక్కలా ఉంటుంది. చిన్న రేకు డబ్బాలో అమ్ముతారు. నాలుగు కొన్నాను. రెండు రైల్లోనే అయిపోయాయి, మూడోది ఈ వ్యాసం రాస్తుండగా ఖాళీ అయింది. నాలుగోది అమ్మ బీరువాలో పెట్టి తాళం వేసింది.