నీడయు నిర్మాణాంగమే

వేసవిలో ఇల్లు వేడెక్కినప్పుడు మనము వెంటనే తలచునది ఏసీని. ఆ వేడిమి ఏ దారిని లోనికి వచ్చినదో విచారించువారు అరుదు. అద్దపు కిటికీగుండా చొచ్చిన సూర్యకిరణములు నేలను, గోడలను, సామగ్రిని తాకి వేడిమిగా మారును. వేడెక్కిన ఆ వస్తువులు తిరిగి వెలువరించు ఉష్ణకిరణములకు మాత్రము అద్దము దారి యీయదు. కనుకనే లోపల కట్టిన తెర కంటికి చల్లగా తోచినను, తాను గ్రహించిన వేడిమిని చాలవరకు గదికే యప్పగించును. ఎండను అద్దమునకు వెలుపలనే నిలుపవలెను. లోనికి రాని వేడిని వెడలగొట్టుటకు విద్యుత్తు వ్యయమే లేదు.

ఏ దిక్కున కేది తగిన నీడ? 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్న హైదరాబాదునే తీసికొందము. ఏప్రిల్ నడుమ మధ్యాహ్నవేళ సూర్యుడు దాదాపు నడినెత్తిన నుండును గనుక, దక్షిణపు కిటికీపై ఒక్క అడుగు ముందుకు చాచిన సన్‌షేడ్ క్రిందికి ఏడడుగుల వరకు నీడ పరచును. డిసెంబరు చివర మధ్యాహ్న సూర్యుడు 49 డిగ్రీల యెత్తునకు మించి యెక్కడు గనుక, అదే సన్‌షేడ్ అడుగు పైచిలుకు మాత్రమే కప్పి, తక్కిన వెచ్చదనమును గదిలోనికి విడిచిపెట్టును. పడమటి గోడ సంగతి వేరు. సాయంకాలపు సూర్యుడు కిటికీ కెదురుగా దిగివచ్చును. అచ్చట పైనున్న సన్‌షేడ్ నిష్ప్రయోజనము. వాలుగా నిలిపిన నిలువు పలకలో, వెదురు తడికలో, దట్టమైన వేపచెట్టో కావలెను. ఆ వైపున కిటికీలను తగ్గించుట మరింత మేలు. నాలుగు దిక్కులకును ఒకే కొలత సన్‌షేడ్ పోయించుట సూర్యుని నడకను విస్మరించుటయే.

ఈ సూత్రమునకు గొప్ప నిదర్శనము పుదుచ్చేరిలోని శ్రీ అరవిందాశ్రమ వసతి భవనము, గోల్కొండ. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ తోడ్పాటుతో ధనము సమకూరుటచే దానికా పేరు వచ్చినది. 1930ల చివర ఆరంభమైన ఆ కట్టడమున, వాస్తుశిల్పి ఆంటొనిన్ రేమండ్ పొడవైన ముఖములను ఉత్తర దక్షిణములకు త్రిప్పి, గోడలకు మారుగా చేతితో త్రిప్పదగిన అడ్డుపలకలను వరుసగా అమర్చెను. గాలి వచ్చును, ఎండ రాదు.

మన పూర్వుల పెంకుటిండ్లలో చుట్టును వంగిన చూరును, వీధి వసారాయు చేసిన పని యిదియే. నేడు పడమటి ముఖమంతయు అద్దముతో కప్పి, ఆ తాపమును ఏసీలతో తోడిపోయుచున్నాము. ఆ బిల్లు భవనమున్నంతకాలము చెల్లింపక తప్పదు. గోడ లేచిన పిమ్మట నీడను అతికించుట ప్రయాస; ప్లాను గీయునాడే ప్రతి కిటికీ యే దిక్కును చూచుచున్నదో మేస్త్రీతోను ఇంజనీరుతోను కూర్చుండి నిర్ణయించుకొన్నచో, కొద్దిపాటి వ్యయముతోనే ఆ యింటివారికి తరతరముల చల్లదనము చేకూరును.