జిడ్డు మొఖం మురికి కాదు, ట్యూబు మందుతోటి పైలం

మొఖం జిడ్డుగుంటే మన దగ్గర మొదలు అడిగే మాట "మొఖం కడుక్కోలేదా?" అని. అప్పుడే కడుక్కొని వచ్చిన పోరికో పోరనికో ఈ మాట ఎట్ల తాకుతదో అడిగేటోళ్లకు తెల్వదు. జిడ్డంటే మురికి అని, బద్దకమని మనకు నూరిపోసిన్రు. ఈ సిగ్గు మీదనే క్రీముల దందా నడుస్తున్నది. అందుకే అసలు జిడ్డంటే ఏందో ముందుగాల సమజ్ చేసుకుందాం.

మన చర్మంల చిన్న చిన్న నూనె గ్రంథులుంటయి. అవి తీసే నూనెను సీబం అంటరు. తోలు ఎండి పగలకుంట కాపాడేది గదే. అరచేతులు, అరికాళ్లల్ల ఈ గ్రంథులు ఉండయి. నొసలు, ముక్కు, గదువ కాడ మస్తుగుంటయి. ఈడొచ్చేటప్పుడు ఆండ్రోజెన్ అనే హార్మోన్లు పెరిగి ఈ గ్రంథులకు పని ఎక్కువైతది. అందుకే 13, 14 ఏండ్ల పిల్లల మొఖం మెరుసుడు మొదలైతది. కొందరికి తల్లిదండ్రుల నుంచే వస్తది. ఉక్కపోతల ఇంకింత పెరుగుతది. ఇండ్ల ఎవరి తప్పూ లేదు.

మీది జిడ్డు చర్మమా కాదా అని చూసుకునేటందుకు పెద్ద ఖర్చేం లేదు. మొఖం కడిగి, మెత్తగ అద్దుకొని, ఏం రాయకుంట ఒక గంట ఆగుండ్రి. తర్వాత పల్చటి టిష్యూ కాగితం నొసలు, ముక్కు, బుగ్గలు, గదువ మీద ఒత్తి వెలుగుకు పెట్టి చూడుండ్రి. అన్ని తావులల్ల నూనె మరక పడితే జిడ్డు చర్మం. బుగ్గలు పొడిగుండి నొసలు, ముక్కు, గదువ కాడనే మరక పడితే మిశ్రమ చర్మం. మరక లేకుంట, మొఖం గుంజినట్టుంటే పొడి చర్మం. చెమటను జిడ్డనుకోవద్దు. చెమట మరక ఆరిపోతది, నూనె మరక ఉండిపోతది.

ఇగ జాగ్రత్తల ముచ్చట. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, బాగ చెమట పట్టినంక ఇంకోసారి కడుక్కుంటే చాలు. పదిసార్లు తోమినా జిడ్డు ఆగదు. ఎందుకంటే గ్రంథి తోలు లోపల ఉంటది, సబ్బు పైపైనే పనిచేస్తది. ఘాటు సబ్బుతోటి పైపొర దెబ్బతిని మండుతది, పొట్టు లేస్తది. నిమ్మరసం, వంటసోడ, టూత్‌పేస్ట్ మొఖానికి పెట్టొద్దు. నిమ్మరసం పూసుకొని ఎండల తిరిగితే బొబ్బలు, నల్లమచ్చలు వచ్చే ప్రమాదముంది. తోలు గుంజుతుంటే చిక్కటి క్రీము కాకుంట జెల్ లాంటి తేలిక మాయిశ్చరైజర్ రాసుకోవాలె. డబ్బా మీద "నాన్ కొమెడోజెనిక్" అని ఉంటే రంధ్రాలు మూసుకుపోనియ్యకుంట తయారు చేసిందని అర్థం. నెత్తికి పెట్టిన నూనె నొసలు మీదికి కారనియ్యొద్దు. దిండు గలీబులు వారానికోసారన్న ఉతకాలె. మొటిమ గిల్లొద్దు. మన రంగు చర్మం మీద ఆ మచ్చ నెలల కొద్ది పోదు.

అసలు భయపడాల్సింది జిడ్డుకు కాదు, చీటీ లేకుంట చేతికొచ్చే ట్యూబుకు. "మొటిమల మందియ్యన్నా" అని అడిగితే కొన్ని మెడికల్ షాపులల్ల బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్ లాంటి స్టెరాయిడ్ క్రీము చేతుల పెడతరు. కొన్ని దినాలు మొఖం నున్నగ, తెల్లగ అయితది. పక్కింటోళ్లు కూడా అదే ట్యూబు అడుగుతరు. నెలలు గడిస్తే తోలు పలుచనై ఎర్ర నరాలు తేలుతయి, మొటిమలు ఇంకా ఎక్కువైతయి, వెంట్రుకలు మొలుస్తయి. ఆపితే మంట లేస్తది. మంట ఓర్వలేక మళ్ల అదే ట్యూబు. గిదొక వ్యసనం లెక్క తయారైతది.

గజ్జి తామరలన్నీ ఒకటి కాదు, స్టెరాయిడ్‌తోటి తగ్గే చర్మ రోగాలు కూడా ఉన్నయి. కానీ అది డాక్టర్ చెప్పినన్ని దినాలే వాడాలె. 2018ల కేంద్ర సర్కారు చాలా స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్ కింద చేర్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుంట అమ్మొద్దని కాయిదం మీద ఉన్నది. కౌంటర్ కాడ మాత్రం అమ్ముడు ఆగలే. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు చూడాల్సింది ఈడనే.

ఇప్పటికే నెలల కొద్ది వాడుతున్నోళ్లు సొంతంగ ఒక్కపారి బంద్ పెట్టొద్దు, ట్యూబు పట్టుకొని డాక్టర్ కాడికి పోవాలె. మొటిమలు గడ్డలు కట్టి నొస్తున్నా, గుంటలు పడుతున్నా ఆలస్యం చెయ్యొద్దు. ఆడపిల్లలకు జిడ్డుతోపాటు నెలసరి తప్పుడు, గదువ మీద వెంట్రుకలు ఉంటే పీసీఓడీ ఉన్నదేమో చూపించాలె. గాంధీ, ఉస్మానియా, వరంగల్ ఎంజీఎం లాంటి సర్కారు దవాఖానల్ల చర్మ డాక్టర్లున్నరు.

ఇంట్ల పిల్లల మొఖం మెరుస్తుంటే ఎక్కిరించకుండ్రి. ట్యూబు కొనేముందు దాని మీది పేరు చదువుండ్రి, చదవరాకుంటే చదివించుకోండ్రి. చీటీ లేకుంట ఎందుకిస్తున్నవని అడుగుడు మన హక్కు.