పరాయి నేల మీద తొలి ఏళ్లు: ఉత్తర తెలంగాణలో మిషనరీల జీవితం

మత సేవ కోసం సొంత దేశం వదిలి వచ్చే మిషనరీకి మొదటి నాలుగైదేళ్లే అసలు పరీక్ష. ఎక్కువమంది పాతికేళ్లు నిండీ నిండని వయసులో బయల్దేరేవారు. భాష రాదు, ఎండ పడదు, ఇంటి నుంచి ఉత్తరం రావడానికే దాదాపు మూడు వారాలు. ఇలాంటి యువతీయువకులు ఉత్తర తెలంగాణకు రావడం 1880లలో మొదలైంది. ఇంగ్లండులోని వెస్లియన్ మెథడిస్టు మిషను తరఫున విలియం బర్జెస్ సికింద్రాబాద్‌లో పని ప్రారంభించిన కొద్ది ఏళ్లకే బెంజమిన్ ప్రాట్ కరీంనగర్ చేరారు. తర్వాత సిద్దిపేట, మెదక్ కేంద్రాలయ్యాయి. చర్చి చరిత్రలు కట్టిన గుడులను, బడులను, చేరిన సభ్యులను లెక్కపెడతాయి. వచ్చినవాళ్లు రోజు ఎలా గడిపారు, ఎవరి మీద ఆధారపడ్డారు, ఎవరితో కలిసి అన్నం తిన్నారు అన్న సంగతులు మాత్రం వాటిలో అంచుల్లోనే ఉండిపోయాయి. ఆ పని నిలిచిందా లేదా అన్నది తేల్చింది ఈ సంగతులే.

బొంబాయిలో ఓడ దిగినవాళ్లు రైల్లో సికింద్రాబాద్ వరకు రాగలిగేవారు. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లోనే రైలుమార్గం పడింది. అక్కడి నుంచి కరీంనగర్ సుమారు 160 కిలోమీటర్లు, ఎడ్లబండి మీద ఐదారు రోజుల దారి. ఎండాకాలమైతే రాత్రిళ్లు నడిచి, పగలు ఏ చింతతోపులోనో బండి విప్పేవారు. అప్పటికి కరీంనగర్ పేరుతో జిల్లా లేదు, అది ఎలగందల్ జిల్లాలోని ఊరు. జిల్లా కేంద్రం ఎలగందల్ నుంచి కరీంనగర్‌కు మారింది 1905లో. నేల నిజాందే కావడంతో మద్రాసు రాష్ట్రంలో తెల్లవాడికి దొరికే చనువు ఇక్కడి కచేరీల్లో అంత సులభంగా దొరికేది కాదు. బంగళాకు స్థలం కావాలన్నా, బడి పెట్టాలన్నా తాలూక్‌దారు, తహసీల్దారు సరేననాలి. ఆ కచేరీల్లో 1880ల నుంచి ఫారసీ స్థానంలో ఉర్దూ నడిచింది. కాబట్టి తెలుగు నేర్చుకోవడానికి వచ్చినవాడికి ఉర్దూ కూడా కొంత పట్టుబడక తప్పేది కాదు.

మొదటి రెండేళ్ల దినచర్యకు నడుమ నిలిచినవాడు భాష నేర్పే మున్షీ. పొద్దున్నే, ఎండ ముదరకముందే పాఠం. చేతిలో మచిలీపట్నం మిషనరీ ఆర్డెన్ రాసిన తెలుగు వ్యాకరణం (1873), బల్ల మీద బ్రౌన్ నిఘంటువు (1852). ఏడాదికో పరీక్ష. పరీక్షలు గట్టెక్కనిదే పూర్తి బాధ్యత అప్పగించకపోవడం మిషన్లలో సాధారణ పద్ధతి. అయితే ఆ పుస్తకాలు రెండూ మద్రాసు రాష్ట్రంలో తయారైనవి. వాటి తెలుగు మానేరు ఒడ్డున మాట్లాడే తెలుగు కాదు. పుస్తకం చదివి పల్లెకు వెళ్లిన యువకుడికి అవ్వ అడిగే మొదటి ప్రశ్నే అర్థమయ్యేది కాదు. గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు పోతే గోండి, కొలామి, మరాఠీ ఎదురయ్యేవి. మున్షీ నేర్పిన భాషను బతుకు భాషగా మార్చింది వంటమనిషి, బండి తోలేవాడు, బడి పిల్లలు. జీతమిచ్చి పెట్టుకున్న గురువు దగ్గర చూపని అజ్ఞానాన్ని కొత్త మిషనరీ వీళ్ల దగ్గర చూపక తప్పేది కాదు. వచ్చిన తొలి రోజుల్లో అతను నిజంగా చిన్నవాడై నిలబడిన చోటు అదొక్కటే అనాలి.

చలికాలం పర్యటనల కాలం. కార్తీకం నుంచి మాఘం దాకా గుడారం, మడత మంచం, మందుల పెట్టె బండికెత్తుకుని ఊరూరా తిరిగేవారు. రాత్రిపూట చావడి ముందు గుడ్డ కట్టి మాయాదీపంతో బొమ్మలు చూపిస్తే ఊరంతా వచ్చేది. పొద్దున మాత్రం జనం వచ్చేది మందు కోసం. వైద్యం చదవనివాడు కూడా పుండు కడగడం, జ్వరానికి క్వినైన్ ఇవ్వడం నేర్చుకోవలసి వచ్చేది. ఆ జ్వరం మిషనరీనీ వదల్లేదు. అది దోమ వల్ల వస్తుందనడానికి కీలక ఆధారం దొరికింది నిజాం రాజ్యంలోనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని గుర్తించారు. అంతకుముందు వచ్చినవాళ్లు చెడ్డ గాలిని తప్పించుకోవాలని కిటికీలు మూసుకుని, ఉక్కలో పడుకుని, జ్వరంతోనే లేచేవారు.

ఇక మనుషుల మధ్య సంబంధాలు. మిషనరీకి అందరికంటే దగ్గరగా పనిచేసినవాళ్లు స్థానిక ప్రచారకులు, బడిపంతుళ్లు, ఇంటింటికీ వెళ్లి స్త్రీలకు చదివి వినిపించే బైబిలు స్త్రీలు. ఊరి తగువు ఏమిటి, పటేలుకు ఎవరంటే గిట్టదు, ఏ ఇంటి గడప ఎప్పుడు తొక్కాలి అన్నవి వాళ్లకే తెలుసు. వీళ్లు తోడు లేని మిషనరీ పల్లెలో మూగవాడే. నెలకోసారి వీళ్లంతా కేంద్రానికి వచ్చి పాఠం విని, జీతం తీసుకుని వెళ్లేవారు. ఆ జీతం ఇచ్చే చెయ్యి మిషనరీదే. చిక్కంతా అక్కడే ఉంది. ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరు యజమాని, ఒకరు నౌకరు అయ్యారు. ఒకరు బంగళా వరండాలో కుర్చీలో కూర్చుంటే, రెండోవాళ్లు మెట్ల దగ్గర నిలబడ్డారు.

ఈ మాటను ప్రపంచం ముందు నిర్భయంగా అన్నవారు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఆయనా పరాయి భాషా ప్రాంతంలో మిషనరీయే. తిరునెల్వేలి తమిళుడు. 1903లో అక్కడి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టి, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ను పనికి ఎంచుకున్నారు. ఆ సంఘం స్థాపకుల్లో ఒకరైన అజరయ్య 1909లో తానే అక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద ఊళ్లు తిరిగారు. భార్య అన్బు కూడా తెలుగు నేర్చుకుని స్త్రీల మధ్య పనిచేశారు. 1910 జూన్‌లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ముప్పై ఐదేళ్ల అజరయ్య లేచి, భారతదేశంలో తెల్ల మిషనరీలకు, భారతీయ సహచరులకు మధ్య ఉండవలసిన సంబంధం లేదని చెప్పారు. మీరు త్యాగాలు చేశారు, ఆస్తులు ధారపోశారు, ప్రేమ కూడా చూపండి, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నది ఆ ప్రసంగ సారం. సభలో కొందరికి కోపం వచ్చింది. అది ద్వేషంతో అన్న మాట కాదు. అమెరికా నుంచి వచ్చిన వై.ఎం.సి.ఎ. కార్యకర్త షెర్వుడ్ ఎడ్డీతో ఆయనకు ఏళ్ల తరబడి గాఢమైన స్నేహం ఉంది. నిజమైన స్నేహం ఎలా ఉంటుందో తెలిసినవాడు కాబట్టే అది లేనిచోటు ఆయనకు అంత స్పష్టంగా కనబడింది. 1912 డిసెంబరు 29న ఆయన ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ అయ్యారు.

పల్లె జనంతో సంబంధం మరో రకం. మిషను వైపు వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. దేశ్‌ముఖులకు, పటేళ్లకు వెట్టి చేస్తూ బతికినవాళ్లు. వాళ్ల వాడలోకి వచ్చి, వాళ్ల ఇంటి ముందు మంచం మీద కూర్చుని, పిల్లాడి చెయ్యి పట్టుకుని నాడి చూసిన పై మనిషిని వాళ్లు అంతకుముందు చూసి ఉండరు. దాని విలువ తక్కువ కాదు. తహసీల్దారు దగ్గర తమ తరఫున ఒక మాట పడుతుందన్న ఆశ కూడా ఉండేది, అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. అయితే దేశ్‌ముఖును పిలిచినట్టే మిషనరీనీ దొర అనే పిలిచారు, అతని భార్యను దొరసాని అన్నారు. 1895లో భారతదేశానికి వచ్చి మెదక్‌లో నాలుగు దశాబ్దాలు గడిపిన చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు కాలంలో పని కల్పించడానికి కట్టించిన చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైంది. జనం ఆకలి తీర్చినవాడిగా ఆయనను తలచుకుంటారు. ఆ తలపులో కృతజ్ఞత నిండుగా ఉంది. సమానత్వం ఎంత ఉందన్నది వేరే ప్రశ్న.

ఇంటి సంబంధాలు ఇంకో బరువు. వెస్లియన్ సంఘంలో ప్రొబేషను ముగిసేదాకా యువ మిషనరీ పెళ్లి చేసుకోకూడదు. నిశ్చయమైన అమ్మాయి ఇంగ్లండులో ఏళ్లకేళ్లు ఎదురుచూసి, చివరికి ఓడెక్కి వచ్చి, ఇక్కడి రేవులోనో నగరంలోనో పెళ్లి చేసుకోవడం మామూలు. భార్య బడి నడిపినా, రోగులను చూసినా చాలా సంఘాల జాబితాల్లో ఆమె పేరు పనివారిలో ఉండేది కాదు. పెళ్లి కాకుండా వచ్చిన స్త్రీలకు ఆ గుర్తింపు ఉండేది. కొన్ని సంఘాల్లో వాళ్లు గడువులోపు పెళ్లి చేసుకుంటే ప్రయాణ ఖర్చు తిరిగి కట్టాలి. పిల్లలు ఏడెనిమిదేళ్లకు ఇంగ్లండుకో, నీలగిరుల్లోని హెబ్రాన్ (1899), కొడైకెనాల్ (1901) బడులకో వెళ్లిపోయేవారు. తెలుగే ముందు మాట్లాడిన పిల్లలు తల్లిదండ్రులను ఉత్తరాల్లో ఎరిగి పెరిగారు. ఇల్లు, పని మధ్య ఈ ఎడబాటు పాతకాలపు సంగతి మాత్రమే కాదు. పద్దెనిమిదేళ్లకే అబ్బాయిలను రెండేళ్ల మిషను మీద పరదేశాలకు పంపే మోర్మన్ చర్చి, 2019 ఫిబ్రవరి వరకు ఇంటికి ఫోన్ చేయడానికి ఏడాదికి రెండు సందర్భాలే ఇచ్చింది. ఆ తర్వాతే వారానికోసారి మాట్లాడనిచ్చింది.

స్నేహం కుదిరిన చోట ఏం జరిగిందో డిచ్‌పల్లి చెబుతుంది. అబర్డీన్‌లో వైద్యం చదివిన ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ 1907లో నిజాం రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్‌లో కుష్ఠు రోగులను ఊరి బయటకు తోసేయడం చూసి 1911లో చిన్న ఆశ్రయం తెరిచారు. అది డిచ్‌పల్లిలో పెద్ద ఆసుపత్రి కావడానికి అండ నిలిచింది విదేశీ చందా ఒక్కటే కాదు, నిజామాబాద్ ధనికుడు నర్సాగౌడ్ కూడా. ఆయన హిందువు. మతం మారలేదు. 1915 నుంచి అక్కడ వైద్యం నడిచింది. తర్వాత చాల్‌మూగ్రా నూనె నుంచి తీసిన మందు సూది ద్వారా ఇచ్చే పద్ధతి వచ్చాక దూరదూరాల నుంచి రోగులు వచ్చారు. 1932లో మరణించేదాకా ఇసబెల్ చేసిన పనికి పునాది డబ్బిచ్చినవాడికి, వైద్యురాలికి మధ్య ఉన్న నమ్మకం.

ఆదిలాబాద్ అడవుల్లో మిషనరీ కాని ఒక విదేశీ జంటను కూడా ఇక్కడ తలచుకోవాలి. ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్, భార్య బెట్టీ 1940లలో మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండుల మధ్య ఉన్నారు. మతం మార్చడం వాళ్ల పని కాదు. భాష నేర్చుకుని, గోండు పిల్లల బడికి, పంతుళ్ల శిక్షణకు పాటుపడ్డారు. 1987లో చనిపోయిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఊళ్లోవాళ్లు నేటికీ అక్కడ దండం పెడతారు.

తెలుగువాళ్లు మిషనరీలుగా వెళ్లడం కూడా ఇదే కాలంలో జరిగింది. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య, తెలుగు బాప్టిస్టుల సంఘం పంపగా, కుటుంబంతో దక్షిణాఫ్రికాలోని నెటాల్‌కు వెళ్లారు. చెరకు, తేయాకు తోటల్లో గిర్‌మిటియా (ఒప్పంద) కూలీలుగా పోయిన తెలుగువాళ్ల మధ్య కియర్స్నీలో అదే ఏడాది డిసెంబరులో సంఘం స్థాపించారు. ఆయనకు మున్షీ అక్కర్లేదు, దొర అన్న పిలుపూ అంటలేదు. వెళ్లిన ఏడాదిలోపే సంఘం నిలబడడానికి ఇదే ముఖ్య కారణమనిపిస్తుంది.

1947 సెప్టెంబరు 27న మెథడిస్టులు, ఆంగ్లికన్లు తదితరులు దక్షిణ ఇండియా సంఘంలో కలిశారు. 1978లో కరీంనగర్ డయోసిస్ ఏర్పడింది. 1950ల నుంచి విదేశీ మిషనరీల వీసాలు కట్టుదిట్టమయ్యాయి, కొత్తవాళ్ల రాక తగ్గింది. ఆ ఖాళీలో వచ్చినవాళ్లు భారతీయులే. 1962లో మహారాష్ట్రలోని చాందాలో కేరళ సిరో మలబార్ చర్చి మిషను మొదలుపెట్టింది. 1999లో దాని నుంచి ఆదిలాబాద్ మేత్రాసనం విడిపోయింది, కేంద్రం మంచిర్యాల.

గురువిద్య ముగించి కేరళ నుంచి ఇక్కడికి వచ్చే యువ ఫాదర్లకు, సిస్టర్లకు పాత కష్టాలు చాలావరకు లేవు. ఇంటికి రోజూ ఫోన్ చేయవచ్చు, రైలెక్కితే మరుసటి రోజుకు కేరళ. అన్నం, ఎండ కొత్త కావు. కానీ తెలుగు అక్షరాల నుంచే నేర్చుకోవాలి. పూజ తెలుగులో చేయగలిగినా ఊరివాళ్ల గొడవ వినగలగడానికి ఇంకొన్నేళ్లు పడుతుంది. తిర్యాణి, ఉట్నూరు వైపు గోండు గూడేలకు వెళ్లినప్పుడు ఆ తెలుగూ చాలదు. అక్కడ మాట కలిపేది ఆ ఊరి భాష తెలిసిన ఉపదేశి. ఫాదర్ ఏం చెప్పారో జనానికీ, జనం ఏం దాచుకున్నారో ఫాదర్‌కూ తెలియజెప్పేది ఆయనే. ఆయనకు నెల జీతం ఇచ్చేది ఇప్పటికీ ఫాదరే.