డైలో ఇరుక్కున్న తూటా గొట్టం

అమెరికాలో గురి సాధన చేసేవాళ్లు చాలామంది పేల్చేసిన తూటాల ఖాళీ గొట్టాలను పారేయరు. ఇంట్లోనే మళ్లీ నింపుకుంటారు. పేలుడుకి ఉబ్బిన ఇత్తడి గొట్టాన్ని ముందుగా ‘డై’ అనే ఉక్కు అచ్చులోకి ప్రెస్‌తో నెట్టి పాత సైజుకి తెస్తారు. కందెన సరిగా పూయలేదా... అంతే సంగతులు! బిగుసుకుపోయిన స్టీలు గ్లాసుల్లా రెండూ పట్టేసుకుంటాయి. మెడ సన్నగా ఉండే రైఫిల్ గొట్టాలతోనే ఈ బెడద ఎక్కువ. లీవర్‌ని బలంగా లాగితే అడుగు అంచు ఊడొస్తుంది గానీ గొట్టం రాదు.

ఇక సుత్తి జోలికి పోకూడదు. గొట్టం ఎలాగూ పోయినట్టే, కాపాడుకోవాల్సింది డైని. లోపలి గోడకి గీత పడిందంటే తర్వాత దూర్చే ప్రతి గొట్టం మీదా అదే గీత!

ముందు డై మధ్యలోని కడ్డీని వీలైనంత పైకి విప్పాలి. లేకపోతే డ్రిల్లు దానికే తగులుతుంది. తర్వాత గొట్టం అడుగున, ప్రైమర్ ఉండే చోట రంధ్రం చేసి, ట్యాప్‌తో మరలు కోయాలి. (పేలని ప్రైమర్ ఉంటే డ్రిల్లు పెట్టనే కూడదు.) డై మూతికి గొట్టం కంటే వెడల్పైన బోలు ముక్క ఆనించి, వాషరు వేసి బోల్టు బిగిస్తూ పోతే గొట్టం మెల్లగా బయటికి జరుగుతుంది. ఈ సామానంతా కిట్‌గా అమ్ముతారు కూడా.

అలాగని కందెన దిట్టంగా పట్టించినా చిక్కే. ఎక్కువైనది పోయే దారి లేక గొట్టం భుజం దగ్గర సొట్టలు పడతాయి.