జ్ఞానదంతం నొప్పా? నిర్లక్ష్యం చేయొద్దు!

సాధారణంగా 17–25 ఏళ్ల మధ్య దవడ చివర వచ్చే పన్నే జ్ఞానదంతం. చోటు చాలకపోతే అడ్డం తిరిగి చిగురులోనే ఇరుక్కుంటుంది.

వచ్చే ఇబ్బందులు:
• చిగురు వాచి చీము పట్టడం
• పక్క పన్ను పుచ్చిపోవడం
• నోరు సరిగా తెరుచుకోకపోవడం

ఏం చేయాలి?
గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలించండి. పొగాకు, జర్దా అద్దొద్దు. మాత్రలతో నొప్పి తగ్గినా అసలు కారణం పోదు. ప్రభుత్వ ఆసుపత్రి దంత విభాగంలో చూపించుకోండి. పన్ను తీయాలా వద్దా అన్నది ఎక్స్‌రే చూసి డాక్టరు చెబుతారు.

ఆరోగ్యశ్రీ:
మీ చికిత్సకు వర్తిస్తుందా అని ఆపరేషన్‌కు ముందే నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. రేషన్ కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి. వివరాలకు 104.

ప్రమాద సూచన:
వాపు మెడకు పాకి మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.